చౌక రంపములు: ఒక పరీక్ష

ఏజెన్సీ గ్రామములో పనిచేయు ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు గత వేసవిలో నన్నొక ప్రశ్న అడిగెను. పిల్లలకు వడ్రంగము నేర్పుటకు ఆరు చేతిరంపములు కావలెను, చేతిలో పైకము స్వల్పము. చౌక రంపములు కొనవచ్చునా అని. పుస్తకము చూచి జవాబు చెప్పుట నాకు సులభమే. కాని సిగ్గనిపించి, మూడు రంపములు తెచ్చి మామిడి, జామాయిల్, టేకు కర్రలపై కోసి చూచితిని. టేకు మా ఇంటి పాత తలుపుది; అడవి శాఖవారు కలవరపడనక్కరలేదు.

మొదటిది భద్రాచలము బజారులో రెండువందల రూపాయల లోపున దొరికినది. పచ్చి జామాయిల్ కర్రలో సగము దిగగానే బిగిసికొని కదలదాయెను. కారణము పళ్ళలోనే కలదు. రంపపు పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొద్దిగా వంచవలెను. అప్పుడే కోత రేకు మందముకంటె వెడల్పై, రేకు లోపల సులువుగా ఆడును. ఈ రంపమున ఆ వంపు ఒక ప్రక్క చాలినంత, రెండవ ప్రక్క నామమాత్రము. కనుక అది బిగియుటయే గాక, వంపు ఎక్కువగానున్న వైపునకు గీత తప్పి పోయినది. పళ్ళను అచ్చుతో కొట్టి వదలినారు గాని ఆకురాయి తగిలిన జాడ లేదు. అట్టపై మాత్రము "అన్ని కర్రలకు" అని వ్రాసినారు. నారవెంట చీల్చు పన్ను చిన్న ఉలివలె ఉండవలెను, నారకు అడ్డముగా కోయు పన్ను కత్తిమొనవలె ఉండవలెను. అన్నిటికి అన్నది దేనికిని కాదని అర్థము.

రెండవదాని వెల రెట్టింపు. పళ్ళ చివరలు నల్లగా మెరయును. విద్యుత్ప్రేరణచే ఆ చివరలను మాత్రమే క్షణకాలము ఎర్రగా కాల్చి, వెంటనే చల్లార్చి గట్టిపరచినారు. నిజము చెప్పవలెనన్న, ఇది మామిడిని వెన్నవలె కోసినది. పిల్లవాడు పట్టినను తిన్నగా పోవును. కాని టేకులో ఇసుకజాతి పదార్థమైన సిలికా కలదు. అది ఎంతటి పన్నునైనను అరగదీయును. అరిగినపిమ్మట ఈ పళ్ళపై ఆకురాయి జారిపోవును, ఏలనన అవి ఇంచుమించు ఆకురాయి అంత గట్టివి. ఇక పారవేయుటయే.

మూడవది జపాను పద్ధతిది, లాగునపుడు కోయును. 1744లో ఆయిలర్ అను గణితశాస్త్రజ్ఞుడు సన్నని కడ్డీని కొనలవద్ద నొక్కిన ఎంత బరువునకు వంగునో లెక్కగట్టెను. రేకు మందము సగమైనచో దాని ఓర్పు ఎనిమిదవ వంతగును. నెట్టి కోయు రంపమునకు మందము తప్పదు. లాగుదానికి ఆ భయము లేదు, దారము లాగినట్లే. కనుకనే కోత సన్నము, పొట్టు తక్కువ. భౌతికశాస్త్ర తరగతిలో చూపుటకు ఇంతకంటె మంచి వస్తువు లేదు. కాని నెట్టుటకు అలవాటుపడిన నా చేతిలో అది రెండవనాడే వంగినది. అట్టి రేకు ఇచ్చట దొరకలేదు.

తిరిగి మొదటిదానిని పట్టుకొని బజారులోని ఒక వృద్ధ వడ్రంగి వద్దకు పోయితిని. ఆయన పళ్ళవెంట కన్ను సారించి నవ్వినాడు. "ఇది రంపం కాదు సార్, రంపం చేసుకునే రేకు" అన్నాడు. మూడు పలకల ఆకురాయితో ప్రతి పన్నును పదునుపెట్టి, వంపు సరిచేయుటకు అరగంట పట్టినది. అటుపిమ్మట అదే రంపము జామాయిల్‌లో ఆగక దిగినది. రెండవదాని వేగము రాలేదు, కాని గీత తప్పలేదు. ఇట్లు పదునుపెట్టువారు బజారులో తగ్గుచున్నారు. పారవేయు రంపమునకు వారితో పనిలేదు గదా!

ఆరు కొనక నాలుగే చౌక రంపములు కొని, మిగిలిన పైకముతో ఆకురాళ్ళు కొనుడని ఉపాధ్యాయునకు వ్రాసితిని. వీలైన ఆ వృద్ధుని ఒక దినము బడికి పిలిచి, కూలి ఇచ్చి, పిల్లలచేత మొదట పళ్ళు పదునుపెట్టించుడనియు వ్రాసితిని. ఒక లోపము మాత్రము ఆకురాయికి లొంగదు. దాని ప్లాస్టిక్ పిడి మూడవనాటికే వదులై చేతిలో ఆడినది. కర్రపిడి చేసి బిగించుకొనుటకు ఆ పాత తలుపు ముక్క ఇంకను మిగిలియున్నది.