భగ్నదాంపత్యం – హాస్యనవల

తెలుగు సాహిత్యంలో దాంపత్యహాస్యానికి కొరత లేదు. ఆధునిక కథానికకు ఆద్యమని పలువురు భావించే గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ (1910) ఆ హాస్యంతోనే పుట్టింది. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రివేళ ఇల్లు చేరుతాడు. భార్య కమలిని ఇల్లు విడిచిపోయినట్లు ఉత్తరం కనబడుతుంది. నౌకరు రాముడు అకారణంగా చీవాట్లు తింటాడు. తీరా చూస్తే కమలిని మంచం క్రిందనే ఉన్నది. పాఠకుని నవ్వుకు ఆధారం ఆ మంచమే. ఆమె నిజంగానే బండి కట్టించుకొని పుట్టింటికి పోయి ఉంటే కథ ఏమయ్యేది? గురజాడకు ఆ ప్రశ్నతో పని లేదు. ఆయన కథ ఒక రాత్రి కథ. కాని ఆ తరువాత వచ్చిన మన హాస్యరచయితలలో ముఖ్యులైనవారు కూడ ఆ ప్రశ్న జోలికి పోకపోవడం విచారింపదగినది.

మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలనే చూడవచ్చును. ఆ ఆలుమగల మధ్య అలకలున్నవి, ఎత్తిపొడుపులున్నవి, ఒకరి తెలివిని ఒకరు పరిహసించుకొనడమున్నది. అయినను ప్రొద్దుగూకేసరికి పశువులు కొట్టానికి చేరినట్లు కలహం కాపురానికి చేరుతుంది. రంగనాయకమ్మ ‘స్వీట్ హోమ్’లో విమల, బుచ్చిబాబుల సంసారం మరొక తరానిది. భార్యాభర్తలు స్నేహితులు కావచ్చునన్న ఊహ అందులో హాస్యానికి ఊపిరి. అయితే ఇల్లు నిలిచి ఉంటుందన్న భరోసా ఇక్కడ కూడ సడలదు. అదే రచయిత్రి ‘జానకి విముక్తి’లో భార్యను భర్త ఇంటినుండి బయటికి నడిపించినప్పుడు కలం తీరు మారిపోయింది. వేంకటరావు ప్రవర్తనపై పదునైన వ్యంగ్యమున్నది. జానకికి దుఃఖమున్నది, క్రమంగా జ్ఞానోదయమున్నది. తనను చూచి తాను నవ్వుకొనే తీరిక మాత్రం లేదు. ‘స్వీట్ హోమ్’ వ్రాసిన చేయికి హాస్యం చేతకాక ఇట్లు జరిగిందనుకొనడం అసంగతం. కారణం వేరొకచోట వెదకవలసి ఉన్నది.

మన నవలలో కాపురం విడిచిన స్త్రీ కథ తరచుగా వాఙ్మూలం రూపం దాల్చింది. ఆమె ఎంత ఓర్చుకొన్నదో, ఎన్ని విధాల సర్దుకొన్నదో, తప్పు తనది కాదని ఎట్లు తేలుతుందో నవల వరుసగా నిరూపించవలసివచ్చింది. బంధువులు, ఇరుగుపొరుగువారు, చివరకు పాఠకుడు సైతం న్యాయపీఠంమీద కూర్చున్నవారే. బోనులో నిలిచిన మనిషి తన తెలివితక్కువతనాన్ని తానే చెప్పుకొని నవ్వితే ప్రతిపక్షానికి సాక్ష్యమిచ్చినట్లవుతుంది.

శాసనచరిత్ర కూడ ఈ ధోరణికి దోహదం చేసిందనవచ్చును. మద్రాసు రాష్ట్రంలో 1949 నాటి చట్టం హిందువులకు విడాకుల హక్కు కల్పించింది. 1955 హిందూ వివాహచట్టం దానిని దేశంలో అధికభాగానికి విస్తరింపజేసింది. పరస్పరాంగీకారంతో విడిపోయే వీలు 1976 సవరణతోగాని రాలేదు. అంతవరకు ప్రధానమార్గం ఎదుటివారి దోషాన్ని నిరూపించడమే. ఇక్కడ ఒక మాట మరువరాదు. తెలుగుదేశంలో అనేక కులాలలో పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకొని మారుమనువు వెళ్ళే ఆచారం ఈ చట్టాలకంటె ఎంతో పాతది. 1955 చట్టం కూడ ఆ ఆచారాన్ని త్రోసివేయలేదు. నవలారచయితలు హెచ్చుగా వచ్చిన కులాలలో ఆ ఆచారం లేదు. ఉన్నవారి నోట నవ్వుతో వినబడగల కథ, లేనివారి కలాన కన్నీటితో వెలువడింది.

హాస్యం ఆత్మస్థమనీ పరస్థమనీ రెండు విధాలని భరతుడు విభజించాడు: తాను నవ్వితే ఒకటి, ఇతరులను నవ్విస్తే రెండవది. ఈ రసం స్త్రీలయందును నీచపాత్రలయందును ఎక్కువగా కానవస్తుందని ఆయనే సెలవిచ్చాడు. ఆ కూర్పును నేటి పాఠకులు హర్షించరు, హర్షింపనక్కరలేదు. అయినను ఆలంకారికుడు ధారాళంగా ఇచ్చిన ఆ రసాన్ని, భర్తను విడిచిన నాయికకు మన నవల ఇవ్వడానికి సంకోచించడం వింతగానే ఉన్నది.

ఈ సంకోచం లేని నవల ఎట్లుంటుందో చూడదలచినవారికి అమెరికన్ రచయిత్రి నోరా ఎఫ్రన్ (1941–2012) వ్రాసిన ‘హార్ట్‌బర్న్’ (1983) ఉపకరిస్తుంది. రచయిత్రి స్వంత కాపురం చెదిరిన అనుభవమే దానికి మూలం. వంటపుస్తకాలు వ్రాసే రేచెల్ సామ్‌స్టాట్ ఏడునెలల గర్భిణిగా ఉండగా, భర్త మార్క్ ఫెల్డ్‌మన్ మరొక స్త్రీని ప్రేమిస్తున్న సంగతి బయటపడుతుంది. ఆమె పసివాడిని వెంటబెట్టుకొని వాషింగ్టన్ విడిచి న్యూయార్కులోని తండ్రి ఇల్లు చేరుతుంది. భర్త వచ్చి పిలిస్తే తిరిగి వెళుతుంది, రెండవ బిడ్డను కంటుంది, మళ్ళీ మోసపోతుంది. చివరకు ఒక విందులో, తాను చేసి తెచ్చిన నిమ్మరసపు తీపివంటకాన్ని భర్త ముఖాన కొట్టి లేచిపోతుంది. కథ ఇంతే. ఇందులోని ఏ ఘట్టమైనా మన కథకుని చేతిలో కన్నీటికి సరిపోయే సామగ్రియే.

ఎఫ్రన్ నాయిక తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకొనే ప్రయత్నం చేయదు. తన అసూయను దాచదు. అపజయాన్ని కథగా మలచే తన అలవాటును కూడ దాచదు. ప్రతిదానినీ కథ చేసి చెబుతావేమని వైద్యురాలు అడిగినప్పుడు, కథ చెప్పేవారి చేతిలోనే కథ పగ్గాలుంటాయన్న అర్థంలో ఆమె సమాధానమిస్తుంది. తనను చూచి లోకం జాలిపడడంకంటె నవ్వడమే ఆమెకు సమ్మతం. నడుమ నడుమ వంటకాల పాకవిధానాలు వస్తుంటాయి. అవి అలంకారంగా చేర్చినవి కావు. మనసు ఎట్లున్నా పిండి కొలత తప్పదుకదా! ఆవాలముద్ద, పులిసిన ద్రాక్షరసం, నూనె కలిపి చేసే ఒక పులుపు ఆమె చేతివాటానికి ప్రసిద్ధి. భర్తకు ఇన్నాళ్ళూ నేర్పని ఆ రహస్యాన్ని విడిపోయే ముందు నేర్పుతుంది. క్షమ అని పేరు పెట్టకుండా రచయిత్రి దానిని అట్లే వదిలిన తీరు మెచ్చదగినది.

నవలలో లోపం లేకపోలేదు. రేచెల్ నవ్వుకు వెనుక కొంత ధనం కాపు కాస్తున్నది. ఆమె పుస్తకాలు అమ్ముడుపోతాయి; తండ్రికి న్యూయార్కులో ఇల్లున్నది; భర్త ఇచ్చిన వజ్రపుటుంగరం అమ్మితే దారిబత్తెం వస్తుంది. నిలువనీడ లేని స్త్రీ ఇట్లు నవ్వగలదా అన్న ప్రశ్న ఆ వినోదపు మాటలలో అణగిపోయింది. కొన్ని పుటలలో చమత్కారం తన్ను తాను చూచి మురిసిపోతుంది కూడ.

తెలుగు నవల ఈ వస్తువును చేపడితే ఆ నీడ ప్రశ్ననుండియే ఆరంభం కావలసి ఉంటుంది. పుట్టిల్లు దగ్గరనున్న ఊరిలో తీర్పు చెప్పేవారు ఎక్కువ. అందువల్ల పుట్టింటికి దూరమైన తెలుగువారి జీవితం దానికి అనువైన రంగం. బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూరునుండి బిలాసపురంమీదుగా ఆసన్సోలు వరకు మార్గం పూర్తిచేసింది. తరువాత ఆ కంపెనీ మార్గాలు వాల్తేరుకు కూడ కలియడంతో ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాలకై ఖరగ్‌పూరు, బిలాసపురాలకు తరలి స్థిరపడ్డాయి. బిలాసపురం ప్రక్కనే గతౌరా వంటి చిన్న స్టేషనున్నది. రైల్వే క్వార్టరు ఉద్యోగి పేరనే ఉంటుంది. కాపురం చెడితే ఉద్యోగిని కాని భార్యకు ముందుగా పోయేది ఆ కప్పే. ఆ తరువాత ఆమె అద్దెగది వెదకాలి, పిల్లవాడిని బడికి పంపాలి, తన కథను హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో పొరుగువారికి చెప్పాలి. శ్రీకాకుళపు యాసలో ఏడ్చిన ఏడుపు అరువు భాషలో చెప్పబోయేసరికి లింగవచనాలు తారుమారై వినేవారికే కాక చెప్పేదానికీ నవ్వు వస్తుంది. అక్కడ ఆమెను విచారించే పెద్దలు లేరు. ఓదార్చేవారు కూడ తక్కువే. ఆ నవ్వుకు చెల్లించవలసిన మూల్యమది.

ఎఫ్రన్ నవలను తెలుగు చేయదలచినవారికి మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. ఆంగ్లంలో ఆ మాటకు అజీర్తివల్ల ఛాతిలో పుట్టే మంట అని అర్థం. అందులో హృదయం కూడ ఇమిడి ఉన్నది. ‘గుండెమంట’ అంటే శోకం మిగిలి వంటిల్లు జారిపోతుంది. ‘కడుపుమంట’ అన్న మాటలో ఆకలి, ఈర్ష్య రెండూ ఉన్నవి. నాయిక నిండుచూలాలు గనుక మూడవ అర్థం కూడ దానంతటదే వచ్చి చేరుతుంది. ఇక లోపలి వంటకాలను పనసపొట్టు ఆవకూరగా మార్చాలన్న ఉబలాటం అనువాదకునికి కలుగకమానదు. అది అణచుకొనదగినది. ఆవాలముద్దను ఆవాలముద్దగానే ఉంచితే, గతౌరాలోనైనా గుంటూరులోనైనా పాఠకురాలు దాని ఘాటు గుర్తుపట్టగలదు.