ఎంపిక లెక్కల్లో వాడ ఎక్కడ?

పిల్లల్ని ఏ హైస్కూల్లో వెయ్యాలో కుటుంబాలు ఎట్లా నిర్ణయించుకుంటాయి? దీన్ని గణితంతో చెప్పే పద్ధతి ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంత ప్రయాణికులు కారెక్కుతారా, బస్సా, రైలా అని అంచనా కట్టటానికి 1970లలో డేనియల్ మెక్‌ఫాడెన్ వాడిన లెక్క ఇది. 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది. బళ్ల ఎంపికకీ ఇప్పుడదే వాడుతున్నారు.

చదువు బాగుంటే బడి విలువ పెరుగుతుంది. ఫీజు, దూరం ఎక్కువైతే తగ్గుతుంది. ఎవరు ఏ బళ్లో చేరారో చూసి, దేనికెంత బరువిచ్చారో వెనక్కి లెక్కగడతారు. అంటే చేరిందే ఇష్టం. పేచీ ఇక్కడే.

మాదిగవాడ పిల్ల ఊరి బడితోనే ఆగిపోయింది. 5 కిలోమీటర్ల అవతల మంచి హైస్కూలుంది. ఈ ఇంటికి దూరమంటే అయిష్టమెక్కువ, నాణ్యత పట్టింపు తక్కువ అంటుంది మోడల్. ఆ దారి ఎవరి వీధుల్లోంచి పోతుందో, పొద్దుగూకితే బస్సుందో లేదో, తరగతిలో ఎక్కడ కూర్చోబెడతారో దానికి పట్టదు. పట్టనివన్నీ 'యాదృచ్ఛికం' అనే సంచిలో వేస్తుంది. కులం యాదృచ్ఛికమా? కులాన్ని ఒక అంకెగా చేర్చినా, 'వీళ్ల ఇష్టాలు వేరు' అనే తేలుస్తుంది. అడ్డుగోడని అభిరుచిగా రాసుకుంటుంది.

సాతారా బడిలో అంబేద్కర్ గోనెపట్ట మీద విడిగా కూర్చున్నారు. నౌకరు పోస్తేనే నీళ్లు. హాజరుపట్టీలో పేరుంది గాబట్టి ఆ బడే వాళ్లింటికి నచ్చిందనాలా?

ఇల్లంతా ఒకే మనసనుకోవటం ఇంకో తప్పు. కొడుకు ఇంగ్లీషు మీడియానికీ కూతురు సర్కారు బడికీ పోతే, అది కూతురి ఎంపిక ఎట్లా అవుతుంది?

ఇదేదో పండితుల తగాదా అని వదిలెయ్యటానికి లేదు. దళితులకి నాణ్యత పట్టదని కాగితం మీద తేలితే, బళ్ల ఖర్చు కోసెయ్యటానికి అదే సాక్ష్యమవుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లల్లో బలహీనవర్గాలకి చెప్పిన 25 శాతం సీట్లు 8వ తరగతి వరకే. 9లో హక్కు ఆగుతుంది, ఫీజు మొదలవుతుంది. అక్కడ మానేసిన పిల్ల 'ఎంచుకోలేదు' అందామా?

గణితం వద్దనటం లేదు. ఎవరికి ఏ బళ్లు నిజంగా అందుతాయన్నది ఒక లెక్కగా, వాటిల్లో ఏది కోరుకున్నారన్నది ఇంకో లెక్కగా విడగొట్టే పద్ధతులు గణితంలోనే ఉన్నాయి. కాకపోతే మొదటి లెక్కకి కావలసిన సమాచారం హాజరుపట్టీలో దొరకదు. గేటుదాకా పోయి వెనక్కొచ్చినవాళ్లనీ, అసలు పోనివాళ్లనీ అడగాలి. మన విద్యార్థులూ టీచర్లూ ఆ పని వాడల్లో మొదలుపెట్టాలి.