మొల్ల ముట్టిన సారె

ఇరవై రెండేళ్లు కాలేజీలో తెలుగు చెప్పాను. మొల్ల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి ఒకే మాట చెప్పేదాన్ని. కుమ్మరింటి ఆడపిల్ల కాబట్టి ఆమె పద్యం మెత్తటి మట్టిలా ఉంటుందనీ, వేళ్లకి ఎలా అందితే అలా ఒదుగుతుందనీ, పాండిత్యం బరువు లేదనీ. పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షల్లో అదే నాకు తిరిగి రాసేవాళ్లు, నేను మార్కులు వేసేదాన్ని. ఆ పోలిక ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

రిటైరయ్యాక, అమరావతికి దగ్గర్లో కృష్ణ ఒడ్డున ఒక రేకుల షెడ్డులో కుండలు చేయడం నేర్పుతున్నారంటే వెళ్లి చేరాను. వారానికి రెండు రోజులు. నేర్పే అమ్మాయి పుదుచ్చేరిలో నేర్చుకుని వచ్చింది. నేర్చుకునేవాళ్లం తొమ్మిదిమందిమి, అందరం ఆడవాళ్లమే. బ్యాంకు ఉద్యోగం చేసే ఆవిడొకరు, ఇద్దరు డాక్టర్లు, హైదరాబాదు నుంచి పుట్టింటికి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి. కరెంటు సారెలు నాలుగున్నాయి.

మొదటి నెలంతా నేను చేసింది ఒక్కటే, మట్టిముద్దని సారె మధ్యకి తేవాలని చూడడం. చూసేవాళ్లకి అదేమంత పనిలా కనపడదు. ముద్ద రవ్వంత పక్కకి ఉన్నా తిరిగే వేగానికి చేతిని తోసేస్తుంది. దాన్ని బలంతో లొంగదీద్దామంటే ఇంకా ఎగురుతుంది. మోచెయ్యి తొడకి ఆనించాలి, ఊపిరి ఒక తీరున వదలాలి, చెయ్యి కదలకూడదు. చెయ్యి కదలకుండా ఉంచడానికి ఒళ్లంతా పనిచేయాలి. మూడోవారంలో నడుం పట్టేసి మంచంమీద పడుకుని ఉండగా నా పాఠం గుర్తొచ్చింది. మెత్తటి మట్టి! వేళ్లకి ఎలా అందితే అలా ఒదుగుతుంది!

ఇంకో తెలివితక్కువ పనీ చేశాను. మా మిరపచేలోంచి నల్లరేగడి ఒక బస్తా తెచ్చాను, సొంత మట్టితో సొంత కుండ చేసుకుందామని. నేర్పే అమ్మాయి నవ్వి ఊరుకుంది. కుండ బాగానే లేచింది. రెండోరోజు పొద్దున చూస్తే అడుగునుంచి అంచుదాకా పగిలి ఉంది. తడిస్తే ఉబ్బి, ఆరితే బాగా కుంచించుకుపోవడం రేగడి గుణం. వేసవిలో మా చేలల్లో కాలు దిగిపోయేంత బీటలు పడేది అందుకే. పత్తికీ మిరపకీ మంచిదైన మట్టి కుండకి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. చెరువు మట్టి చూసి తెచ్చుకోవాలి, ఇసకో బూడిదో కలపాలి, రాళ్లు ఏరాలి, నానబెట్టాలి, తొక్కాలి, పిసకాలి. సారె ఎక్కేసరికే సగం పని అయిపోయి ఉంటుంది.

ఆ సగం పని మా షెడ్డులో ఒకామె చేసేది. ధరణికోట వైపునుంచి వచ్చేది, రోజుకూలికి. అరవై దాటాయి, కుమ్మరోళ్ల ఇంట్లో పుట్టి కుమ్మరోళ్ల ఇంటికే కోడలుగా వచ్చింది. ఆమె పిసికిన ముద్దని దారంతో కోసి చూస్తే లోపల ఒక్క గాలిబుడగ ఉండదు. ఒకరోజు నా ముద్ద మళ్లీ ఎగిరిపోతుంటే, "అక్కా, ఒక్కసారి నువ్వు కూర్చుని చూపించు" అన్నాను. ఆమె వెనక్కి జరిగింది.

"సారె నేను ముట్టను పంతులమ్మగారూ. మాలో ఆడోళ్లు ముట్టరు."

"మరి మేమంతా ఆడవాళ్లమే కదా?"

"మీది కరెంటు సారె గదమ్మా. దానికి దేవుడు లేడు."

మరి తనైనా ఆ కరెంటు సారె ముట్టొచ్చు కదా అని నేనడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో తెలియదు.

మన దేశంలో చాలాచోట్ల ఉన్న నియమమే ఇది. మట్టి తేవడం, దంచడం, జల్లించడం, పిసకడం, ఆరబెట్టడం, పెళ్లి కుండలకి సున్నం బొట్లు పెట్టడం, గంపనెత్తుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్ముకు రావడం, వీటన్నిటికీ ఆడవాళ్లు పనికొస్తారు. తిరిగే చక్రానికి మాత్రం పనికిరారు. సారె దైవం, ముట్టు మైల. చక్రం లేనిచోట కథ వేరు. మణిపూర్‌లో ఆండ్రో గ్రామంలో కుండలు చేసేది ఆడవాళ్లే, సారె లేకుండా చేత్తోనే. నైజీరియాలో లాడి క్వాలీ అనే ఆమె చిన్నప్పుడు మేనత్త దగ్గర నేర్చుకుంది. మట్టిని చుట్టలు చుట్టలుగా పేర్చి, కుండ చుట్టూ తానే తిరుగుతూ చేసేది. మైకేల్ కార్డ్యూ అనే ఇంగ్లీషాయన అబూజాలో పెట్టిన శిక్షణకేంద్రంలో 1954లో చేరిన మొదటి స్త్రీ ఆమే. అక్కడ సారె కూడా నేర్చుకుంది. ఆ దేశపు ఇరవై నైరాల నోటు వెనక ఆమె కుండ చేస్తున్న బొమ్మ ఉంటుంది. చేత్తో పేర్చే పని స్త్రీలది, చక్రమూ దాని వేగమూ బజారూ వచ్చాక పురుషులది. ఈ వరస ప్రపంచమంతటా ఒకేలా ఉందని అనలేను గానీ, చాలాచోట్ల ఇదే కనపడుతుంది.

అలాంటప్పుడు 'కుమ్మరి మొల్ల' అని మనం ఎవరిని అంటున్నట్టు? సంప్రదాయం చెప్పినట్టు ఆమె కుమ్మరింటి బిడ్డే అనుకుందాం. ఆ ఇంటి సారెమీద ఆమెని కూర్చోనిచ్చి ఉంటారా? మట్టి పిసికి ఉంటుంది, కుండలు మోసి ఉంటుంది. ఆమె కవిత్వాన్ని సారెమీద తిరిగిన కుండతో పోల్చే మనం, ఆమెకి దక్కనివ్వని పనిని ఆమెకి అలంకారంగా తగిలిస్తున్నాం. ఆమె ఏం చెప్పుకుందో చూడండి. రామాయణ పీఠికలో తండ్రి ఆతుకూరి కేసన పేరుంది, ఆయన శివభక్తి ఉంది, గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి దయవల్ల కవిత్వం అబ్బిందని ఉంది. సారె ఊసు లేదు. ఆ కుండ మనం ఎత్తిన బరువే.

అదే పీఠికలో తనకి శాస్త్రాలు రావని ఒక సీసపద్యంలో చెప్పుకుంటుంది. మన విమర్శకులు (నేనూ వాళ్లలో ఉన్నాను) దాన్ని పట్టుకుని 'చదువులేని సహజ కవయిత్రి' అన్నారు. ఆ సీసం ఒకసారి నెమ్మదిగా చదవాలి. దేశ్యాలు, సంధులు, సమాసాలు, శయ్యలు, రీతులు, పాకాలు అంటూ తనకి రానివాటి జాబితా వేస్తుంది. ఆ జాబితా వేయడానికి అవన్నీ తెలిసి ఉండాలి. యతి తప్పకుండా సీసంలో వేయడానికి ఇంకా బాగా తెలిసి ఉండాలి. రాదన్నమాట వచ్చినవాళ్లే ఇంత చక్కగా అనగలరు. వినయం చెప్పుకున్న మగకవులు మనకి లేరా? వాళ్ల మాటని వినయంగానే తీసుకున్నాం, సాక్ష్యంగా తీసుకోలేదు. పోతనకి కూడా 'సహజ' అనే మాట ఉంది. ఆయన గద్యలో అది 'సహజ పాండిత్య' అయింది. ఆయన దగ్గర సహజమైనది పాండిత్యం, ఆమె దగ్గర పాండిత్యం లేకపోవడం. ఒకే మాట ఇద్దరి దగ్గరా రెండు పనులు చేసింది.

కావ్యం అర్థంకాకపోతే మూగా చెవిటీ ముచ్చటలా ఉంటుందనీ, విన్న వెంటనే తేనెలా నోరు తీపి కావాలనీ ఆమె చెప్పింది. ఇది అమాయకురాలి మాట కాదు. తన కాలపు కవిత్వం ఎలా ఉందో చూసి, తనదెలా ఉండాలో తేల్చుకున్న మనిషి మాట. రాముడికి తప్ప రాజుకి అంకితం ఇవ్వకపోవడం కూడా అలాగే తేల్చుకున్నదే అయి ఉండాలి. ఆ సరళత ముద్దని మధ్యకి తెచ్చి నిలిపినప్పుడు కనపడే నిశ్చలత లాంటిది. నిలబెట్టిన చెయ్యి చేస్తున్న పని బయటికి కనపడదు. కనపడదు కనుక లేదనుకున్నాం. పోలిక మానేస్తానని కూర్చుని మళ్లీ మట్టినే తెచ్చానని నాకూ తెలుస్తూనే ఉంది. అయితే ఈసారి మట్టి గుణాన్ని కాక చేతి పనిని తెచ్చాను, అంతవరకే నా సంజాయిషీ.

అమరావతిలో ఉండి పూర్ణఘటం మాట ఎత్తకుండా ఉండలేం. ఇక్కడి స్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకని దానమిచ్చాడు. శాసనంలో తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో కలిసి ఇచ్చానని ఉంది. కొడుక్కి పేరుంది. తల్లికీ భార్యకీ కూతుళ్లకీ చుట్టరికమే పేరు. ఇదే స్తూపానికి తమ సొంత పేర్లతో దానమిచ్చిన భిక్షుణులూ గృహిణులూ ఎంతమందో ఉన్నారు కాబట్టి, ఆ కాలం అంతేలే అని సర్దుకోవడానికీ లేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పూర్ణఘటాన్ని రాజముద్ర మధ్యలో పెట్టుకుంది. 2015లో రాజధాని శంకుస్థాపనకి 'మన మట్టి - మన నీరు' అని ఊరూరినుంచీ మట్టి తెప్పించారు. మట్టికి ఇంత మర్యాద జరిగిన ఊళ్లోనే, ముద్రమీది కుండ చూసి అది చేసిన చెయ్యెవరిదని ఎవరమూ అడగం. నైజీరియావాళ్లు నోటుమీద కుండతోపాటు మనిషినీ వేశారు.

పోయిన నెల నా మొదటి గిన్నె కాలి బయటికొచ్చింది. కొంచెం వంకర. ఆమె అది చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. మళ్లీ తట్టింది.

"గట్టిగానే ఉంది. అడుగు మందం ఎక్కువైంది" అంది. తర్వాత, "నెలకి ఎంత కడతారమ్మా ఇక్కడ?"

చెప్పాను. అది ఆమె పదిరోజుల కూలి. గిన్నె నా చేతిలో పెట్టి, రేపటి ముద్దలమీద తడిగుడ్డ కప్పడానికి వెళ్లింది.