భద్రతా గుణకం చెప్పేదెంత? – నేల ద్రవీకరణ అంచనా పద్ధతిపై విమర్శ

నీటితో నిండిన వదులు ఇసుక నేల భూకంపానికి లోనైనప్పుడు రేణువుల మధ్యనున్న నీటి పీడనం పెరుగుతుంది. రేణువుల పరస్పర పట్టు సడలి, నేల కొంతసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఇదే ద్రవీకరణ. 1964లో జపాన్‌లోని నీగాటలో నివాస భవనాలు విరిగిపోకుండానే పక్కకు ఒరిగిపోవడంతో ఈ అంశం పరిశోధకుల దృష్టిని బలంగా ఆకర్షించింది.

1971లో సీడ్, ఇద్రిస్‌లు ప్రతిపాదించిన సరళీకృత పద్ధతి నేటికీ అంచనాలకు ఆధారం. భూకంపం నేలపొరలో కలిగించే చక్రీయ ఒత్తిడితో ఆ పొర నిరోధ సామర్థ్యాన్ని ఇది పోలుస్తుంది. సామర్థ్యాన్ని ప్రామాణిక పెనిట్రేషన్ పరీక్షలోని దెబ్బల సంఖ్య నుంచి గ్రహిస్తారు. ఈ రెండింటి నిష్పత్తే భద్రతా గుణకం. అది 1 కంటే తగ్గితే ద్రవీకరణ సంభవిస్తుందని భావిస్తారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1893 (2016) కూడా ఈ మార్గాన్నే సూచించింది. తక్కువ సమాచారంతో ఫలితమివ్వడం దీని గుణం.

అయితే ఈ గుణకం ద్రవీకరణ ఆరంభాన్ని మాత్రమే సూచిస్తుంది, నష్టాన్ని కాదు. పైగా పద్ధతికి ఆధారమైన అనుభవ సమాచారం ప్రధానంగా నేలపై కనిపించిన ఆనవాళ్లపై నిలిచింది. ఇసుక కలిసిన నీరు పైకి చిమ్మని చోట లోపలి పొర ద్రవీకరణ చెందలేదని నిర్ధారించలేము. ప్రతి పొరనూ విడిగా పరీక్షించడం మరో లోపం. పొరల మధ్య నీటి ప్రవాహం ఇందులో లెక్కకు రాదు.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ అనుభవం ఈ పరిమితిని స్పష్టం చేసింది. 2010–11 భూకంపాలలో తూర్పు శివార్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి. కానీ ఇసుక, ఒండ్రు పొరలు ఒకదానిపై ఒకటి పేరుకున్న కొన్ని ప్రాంతాలలో, లెక్కలు తీవ్ర నష్టాన్ని సూచించినా నేలపై ఆనవాళ్లు కనిపించలేదు.

ఇసుక, బంకమట్టి పొరలు కలగలిసి, భూగర్భజలం పైపైనే ఉండే కృష్ణా, గోదావరి డెల్టాలకు ఈ పాఠం వర్తిస్తుంది. అక్కడ గుణకాన్నే తుది తీర్పుగా తీసుకుంటే రెండు విధాల పొరపాటు జరగవచ్చు: అనవసరమైన నేల పటిష్టీకరణకు వ్యయం కావచ్చు, లేదా నిర్ణీత అంతరాలలో చేసే పరీక్షకు అందని పలుచని వదులు పొర విస్మరణకు గురికావచ్చు. కాబట్టి అవిచ్ఛిన్నంగా కొలతలనిచ్చే కోన్ పెనిట్రేషన్ పరీక్షను, పొరల అమరిక పరిశీలనను, భవనం కుంగుబాటు అంచనాను జోడించినప్పుడే గుణకానికి సార్థకత. అది విచారణకు తొలిమెట్టు మాత్రమే.