చదివే మెట్టుకు తగిన పుస్తకం
పిల్లల గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు ఎంచే గ్రంథపాలకుల నేర్పు సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు గాని, అది ఎంతో సూక్ష్మమైనది. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదివే బిడ్డ కోసం పుస్తకం తెరిచినప్పుడు, అచ్చు పెద్దదిగా ఉన్నదా, పుటకు ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయా, సంయుక్తాక్షరాలు, అంటే ఒక హల్లుకు వేరొక హల్లు ఒత్తుగా చేరిన అక్షరాలు, అరుదుగా వస్తున్నాయా, ఒకసారి చదివిన మాటే మళ్లీ ఎదురై ధైర్యమిస్తున్నదా అని వారు పరిశీలిస్తారు. ప్రథమ్ బుక్స్ సంస్థ తన కథల పుస్తకాలను 4 పఠన స్థాయులుగా, అనగా చదివే సామర్థ్యాన్ని బట్టి ఏర్పరచిన మెట్లుగా, విభజించడం ఈ పనికి మంచి ఆసరా. అయినా వయసూ స్థాయీ ఒక్కటి కావు గనుక, 12 ఏళ్లు వచ్చినా తడబడుతూ చదివే బాలికకు, చిన్న వాక్యాలతోనే ఆమె ఈడుకు తగిన స్నేహాలూ సాహసాలూ సందేహాలూ ఉన్న కథను వెదికిపెట్టడంలోనే అసలైన ప్రజ్ఞ తెలుస్తుంది. ఒక పుట చదివించి, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవమని చెప్పే అయిదు వేళ్ల పరీక్షలో వేళ్లన్నీ ముడుచుకుంటే, ఆ పుస్తకాన్ని కొంతకాలం ఆపి, అదే విషయం మీద మరింత సులువైనదాన్ని నొచ్చుకోనివ్వకుండా చేతికిస్తారు. ఇలా ఎంచిన పుస్తకం చివరి పుట దాకా చదివించి, తరువాతిదాన్ని తామే అడిగి తీసుకునే ధీమాను పిల్లలకు ఇస్తుంది. ఆ ధీమాకు కారకులైన గ్రంథపాలకులు ఉపాధ్యాయులతో సమానమైన గౌరవానికి అర్హులు.