కార్ల్స్‌బాద్ ముద్ద రనన్‌క్యులస్

కాలిఫోర్నియాలో సాన్ డియాగోకు ఉత్తరాన, కార్ల్స్‌బాద్‌లో, పసిఫిక్ సముద్రం వైపు వాలిన ఒక కొండ ఉంది. దాని మీద 50 ఎకరాల మేర రనన్‌క్యులస్ పూస్తుంది. మార్చిలో మొదలై మే మొదటి రోజుల దాకా చాళ్ళు చాళ్ళుగా ఎరుపు, పసుపు, నారింజ, గులాబీ, తెలుపు. చాలామంది దూరం నుంచి ఆ పట్టీలు చూసి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. అసలు పనితనం కనిపించాలంటే గట్టు మీద వంగి, ఒక్క పువ్వు దగ్గర ఆగాలి.

ఒక నారింజ పువ్వునే తీసుకోండి. రేక పట్టుకుంటే పొర కాగితమంత పలచన. వెలుతురుకి ఎత్తి పెడితే వెనక పెట్టిన వేలు నీడ తెలుస్తుంది. విడిగా చూస్తే ఆ రేకది లేత రంగే. అలాంటివి వందకు పైగా ఒకదాని మీద ఒకటి సర్దుకునేసరికి నడుమ రంగు చిక్కబడుతుంది, వెలుపలికి వచ్చేకొద్దీ తేలికవుతుంది. పసుపు కెరోటినాయిడ్లనే వర్ణద్రవ్యాలది, ఎరుపు ఆంథోసయనిన్లది. రెండూ కలిసిన చోట నారింజ. నీలం మాత్రం ఈ పువ్వుకు లేదు, లేదన్న లోటూ కనిపించదు.

ఇది ఇలా పుట్టిన పువ్వు కాదు. తూర్పు మధ్యధరా, పశ్చిమాసియా కొండల్లో దీని పూర్వీకులవి అయిదారు రేకల రేక పూలు. కార్ల్స్‌బాద్ ప్రాంతానికి 1920లలో ఈ పంటను తెచ్చినవాడు లూథర్ గేజ్. తన పొలం పక్కన గూళ్ళు కట్టుకున్న గుడ్లగూబల పేరు మీద ఆ రకానికి టెకొలోటె అని పేరు పెట్టాడు. పక్క రైతు ఫ్రాంక్ ఫ్రేజీ కూడా ఇదే సాగులోకి దిగాడు. ఆయన కొడుకు ఎడ్విన్ చేసిన పనే నన్ను కట్టిపడేస్తుంది. అప్పటి చేలో ఎక్కువగా ఎరుపు, పసుపు రేక పూలే. మధ్యమధ్య ఎక్కడో ఒక మొక్కకు నాలుగు రేకలు ఎక్కువుండేవి, లేదా రంగు కాస్త వేరుగా ఉండేది. ఎడ్విన్ వాటిని గుర్తు పెట్టి, గింజ విడిగా కట్టి, మరుసటి ఏడు విడిగా చల్లేవాడు. ఏళ్ళ తరబడి అదే పని. ఇవాళ ఆ కొండ మీద 13 రంగుల ముద్ద పూలున్నాయి.

వినడానికి సులువుగా ఉంటుంది గానీ, ఇందులో ఒక చిక్కుంది. ముద్ద పువ్వులో అదనపు రేకలు చాలావరకు కేసరాలు మారి వచ్చినవే. పువ్వు ముద్దయ్యేకొద్దీ పుప్పొడి తగ్గుతుంది, గింజ పట్టడం కష్టమవుతుంది. అంటే అన్నిటికన్నా నిండుగా పూసిన మొక్కే విత్తనానికి పనికిరాకపోవచ్చు. నిండుదనం, గింజ రెండూ ఉన్న మొక్కను చేలో నడుస్తూ కంటితో పట్టుకోవాలి. ఇలాంటి చూపును నేను శిల్పి చేతికన్నా తక్కువగా ఎంచను.

అంచు పూలనైతే ఎంతసేపు చూసినా తనివి తీరదు. తెల్లటి రేకకు గులాబీ గీత, లేత పసుపు రేకకు ఎర్ర గీత. ఆ రంగు అంచు దాటి లోపలికి పాకదు. ఇక జపాన్‌లో మియజాకి ప్రాంతపు ఆయా ఎంగేయ్ నర్సరీ ముద్ద పూలకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. వాళ్ళ రాక్స్ రకాలకు రేకలు తక్కువ, మెరుపు ఎక్కువ. లక్క పూసినట్టు ఎండకు తళతళలాడతాయి. ముద్ద పువ్వు రంగును పొరల్లో దాచుకుంటే, రాక్స్ పైకే చూపిస్తుంది.

గుత్తి కట్టేటప్పుడు అన్ని రంగులూ కలిపేయడం నాకు నచ్చదు. ఒకే రంగులో లేతదీ ముదురుదీ, నడుమ ఒక అంచు పువ్వు: అప్పుడే పొరల తేడా తెలుస్తుంది. కాడ లోపల బోలు, గట్టిగా బిగించి కడితే నలుగుతుంది. పూర్తిగా విచ్చినదాన్ని కొనకండి. మొగ్గను రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా కోతకు రాలేదు. మెత్తగా తగిలితే నీళ్ళలో పెట్టాక రోజుకు కాస్త చొప్పున విచ్చుకుంటుంది.