డ్రిల్లు పట్టే ముందు

“మందులేమైనా వాడుతున్నారా అమ్మా?” అని దంతవైద్యుడు అడుగుతాడు. “బీపీ బిళ్ల ఒక్కటేనండి” అంటుంది ఆమె. అబద్ధం కాదు. ఆర్నెల్లకోసారి ఆస్పత్రికి వెళ్లి ఎక్కించుకునే సెలైన్‌ను మందుల లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, పంటికీ దానికీ ఏం సంబంధం? ఆ సెలైన్‌లో కలిపింది జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే, చాలా సంబంధం ఉంది.

ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలూ, కొత్తది పోసే కణాలూ నిత్యం పనిలో ఉంటాయి. క్యాన్సర్ ఎముకలకు పాకితే కరిగించే పని అదుపు తప్పి వెన్నుపూసలు విరుగుతాయి. లెట్రోజోల్ వంటి హార్మోన్ బిళ్లలూ ఎముకను పలచబరుస్తాయి. జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఆ కరిగించే కణాలకు కళ్లెం వేస్తాయి. ఎందరినో మంచాన పడకుండా కాపాడిన మందులివి. వాటిని తిట్టిపోయడం అన్యాయం.

చిక్కు దవడ దగ్గర వస్తుంది. ఊడిన పన్ను స్థానంలో పెట్టే ఇంప్లాంట్ కోసం దవడలో చేసిన రంధ్రం అంచున దెబ్బతిన్న ఎముక కరిగి, కొత్తది పెరిగి ఇంప్లాంట్ టైటానియాన్ని పట్టుకోవాలి. స్వీడన్‌లో పరిశోధకుడు బ్రనెమార్క్ 1965లో తొలి రోగికి అమర్చిన నాటి నుంచీ ఈ వైద్యమంతా ఆ పట్టు మీదే నిలిచింది. కరిగించే కణాలు ఆగిపోతే గాయం మానకపోవచ్చు. ఎముక చిగురు దాటి బయటపడవచ్చు.

2003లో మయామికి చెందిన దవడ సర్జన్ రాబర్ట్ మార్క్స్ ఈ మందుల వల్ల దవడ ఎముక ఇలా బయటపడిన 36 మంది గురించి రాశాకే లోకం ఉలిక్కిపడింది. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ అగ్గిపెట్టెల కార్మికుల దవడలను తెల్ల భాస్వరం ఇలాగే తినేసింది.

ఈ మందులను క్యాన్సర్ మోతాదులో వాడేవారిలోనూ దవడకు ఈ ముప్పు చాలా అధ్యయనాల్లో నూటికి ఐదు లోపే. అయినా వారికి కొత్త ఇంప్లాంట్లు వద్దనే అమెరికా దవడ సర్జన్ల సంఘం 2022లో చెప్పింది. అందుకే పుచ్చుపళ్లు పీకడం, చిగుళ్ల వైద్యం మొదటి సూదికి ముందే పూర్తయి, గాయం మానాలి. క్యాన్సర్ డాక్టర్ రాసే చీటీలో దంతపరీక్ష కూడా ఉండాలి. ఇటు దంతవైద్యుడు “మందులు” అని ఊరుకోకుండా, “ఎముకలకు సూది ఏదైనా వేయించుకుంటున్నారా?” అని విడిగా అడగాలి.

ఎప్పుడో గట్టిగా నాటుకున్న ఇంప్లాంట్‌ను భయపడి తీయించుకోనక్కర్లేదు. డెనోసుమాబ్‌ను సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం, వెన్నుపూసలు విరగొచ్చు. ఇంప్లాంట్ చుట్టూ చీము కారినా, కింది పెదవి మొద్దుబారినా, ఆ వారంలోనే ఇద్దరు డాక్టర్లకూ తెలియజేయాలి.